ఆరబోసినవాడే ఎత్తాలి

ఉలవలపాడులో బుర్రావారిల్లంటే తెలియనివాళ్ళు లేరు. ఇంటిపేరే బుర్రా. పేరులో ఉన్నాక మళ్ళీ వేరే తలలో ఎందుకు, దండగ అనుకుని వాళ్ళు దాన్ని పేరులోనే ఉంచేశారు. ఇంటిపెద్ద చెంచయ్య పొద్దున్నే అరుగు మీద కూర్చుని వేపపుల్ల నములుతూ, "ఈ ఊళ్ళో తెలివంతా తెచ్చి తూకం వేస్తే మూడొంతులు మనింట్లోనే తూగుతుందే" అనేవాడు. "ఆ మిగతా వంతు కూడా మనదేనయ్యా, ఎవరో ఎరువు పట్టుకెళ్ళి తిరిగివ్వలేదు" అనేది ఆయన భార్య నాంచారమ్మ. ఉన్న తెలివి ఎక్కడ గాలికి పోతుందోనని ఆ ఇంటికి కిటికీలు కూడా పెట్టించలేదు. కొడుకులిద్దరు, పోలయ్య, గురవయ్య. వాళ్ళ సంగతి చెప్పేదేముంది, తండ్రిని మించినవాళ్ళు.

అలాంటి ఇంటికి కోడలై వచ్చింది మంగతాయారు. పోలయ్య పెళ్ళాం. ఆమె పుట్టింట్లో తెలివి గురించి ఎవరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు. అందుకేనేమో కాస్తో కూస్తో మిగిలింది.

ఆ ఏడు వాళ్ళు మిరప వేశారు. నిరుడు తెగులొచ్చి తోటంతా ముడుచుకుపోతే ఏడాది పొడుగునా గంజీ పచ్చిమిరపకాయతో గడిపారు. ఈసారి దేవుడు కళ్ళు తెరిచాడు, కాయ విరగకాసింది. మంగతాయారూ, నాంచారమ్మా, పక్కింటి బాలకోటమ్మా, ఇంకా వీధిలో ఆడవాళ్ళూ కలిసి ఎండలో వంగి కోశారు. కోసి ఇంటికొచ్చాక మంగతాయారు చేతివేళ్ళు నిప్పుల్లో పెట్టినట్టు మండేవి. మజ్జిగలో చేతులు ముంచుకుని కూర్చుని, "పోన్లే, ఈ కాయ ఎండి బస్తాకెక్కితే ఏడాదంతా అన్నం తింటాం" అనుకునేది. కోసిన కాయంతా ఇంటి వెనక కళ్ళంలో గురవయ్య ఆరబోశాడు. కళ్ళం కళ్ళమంతా ఎర్రగా, చూస్తే కడుపు నిండేలా ఉంది.

సరిగ్గా అప్పుడే ఊళ్ళోకి పురాణం చెప్పే అయ్యవారు దిగాడు. రామాలయం ముందు పందిరి వేసి కర్మ గురించి చెప్పాడు. "నాయనలారా! ఎవరు చేసింది వాళ్ళే అనుభవించాలి. ఒకరు చేసినదాంట్లో ఇంకొకరు వాటాకి రారు. కట్టుకున్న పెళ్ళాం రాదు, కన్నకొడుకు రాడు. ఎవరి బాధ్యత వాళ్ళదే. చేసుకున్నవాడికి చేసుకున్నంత మహదేవా!" అన్నాడు.

ఊరంతా బ్రహ్మాండంగా తలలూపింది. పులిహోర బాగుందంది. దొప్పలు పందిట్లోనే పారేసి ఇళ్ళకెళ్ళి పడుకుంది. పురాణం విన్నవాళ్ళు చెయ్యాల్సిన పద్ధతి అదే కదా! పైగా ఆ ఊళ్ళో కర్మ సంగతి అందరికీ ముందే తెలుసు. తమకి కష్టమొస్తే గ్రహచారం, ఎదుటివాడికి వస్తే వాడి కర్మ.

బుర్రావారు మాత్రం ఇంటికొచ్చి ఆ మాట అమల్లో పెట్టారు.

"ఇన్నాళ్ళూ ఎంత పాపం చేశామే!" అని చెంచయ్య గుండెలు బాదుకున్నాడు. "కోడలు వండుతోంది, మనం తింటున్నాం. ఒకరు చేసింది ఇంకొకరు అనుభవించడమే కదా ఇది! రేపట్నుంచి ఎవరు వండుకున్నది వాళ్ళే తినాలి."

అంతే. పొద్దున్నే వాకిట్లో అయిదు పొయ్యిలు లేచాయి. చెంచయ్య బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాడు, ఎసరు పొయ్యలేదు. "నీళ్ళేవి మావయ్యా?" అంది మంగతాయారు. "నీళ్ళు నేను చేశానా? బావి చేసింది. బావి సొమ్ము మనకెందుకమ్మా?" అన్నాడు. ఇంకేముంది, బియ్యం చిటపటలాడి నల్లగా మాడాయి. ఆయన ఆ బొగ్గులు కటకటా నమిలి, కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ, "చేసుకున్నవాడికి చేసుకున్నంత మహదేవా!" అన్నాడు. పోలయ్య కూర ఉడకలేదు. గురవయ్య వంకాయ ఉడికింది కానీ, పొయ్యి ఆర్పడం ఎవరి పనో తేలక వంకాయతో పాటు గరిటె కూడా తగలబడింది.

నిజం చెప్పొద్దూ, మంగతాయారుకి ఆ రోజు హాయిగానే ఉంది. ఒక్కదానికే గిద్దెడు బియ్యం, ఇంత గోంగూర. వండుకుంది, పీట వేసుకుని వేడివేడిగా తిన్నది. 'పెళ్ళయ్యాక వేడన్నం తినడం ఇదే మొదలు' అనుకుంది. ఇది పిచ్చితనం, అడ్డుపడాలి అని తెలుసు. పడలేదు. 'నాకేం, వాళ్ళ కర్మ' అని ఊరుకుంది. మంచి తెలివిగలవాళ్ళు ఊరుకున్నప్పుడు అనే మాట ఎప్పుడూ అదే.

సాయంత్రం నాంచారమ్మ గేదె పాలు పితికి, చెంబు పట్టుకుని ఆలోచనలో పడింది. "ఏమయ్యో, ఈ పాలు ఎవరు చేసినట్టు?"

"నువ్వే కదే పితికింది" అన్నాడు చెంచయ్య.

"పితకడం నేను పితికా. పాలు నేను చేశానా? నాకు చేతనైతే ఇంత బతుకెందుకు!"

"గడ్డి నేను వేశా" అన్నాడు పోలయ్య.

"వేస్తే వేశావు, తిన్నది గేదె. చేసింది గేదె. అనుభవించాల్సింది గేదె!" అని చెంచయ్య తీర్పు చెప్పాడు.

అంతే, పాలచెంబు తీసుకెళ్ళి గేదె మూతికి ఆనించారు. గేదెకి పాలు తాగే వయసు ఎప్పుడో దాటిపోయింది. అది తల విదిలించింది. "తాగవే తల్లీ, నీ కర్మే" అని నాంచారమ్మ బతిమాలింది. ఆ పక్కనుంచి ఆ మూతి గట్టిగా పట్టుకుందామని చెంచయ్య వెనక కాళ్ళ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. మూతి ఉండేది ముందువైపు అని ఆయనకి ఎవరూ చెప్పలేదు. గేదె ఒక్క తన్ను తన్నింది. చెంబు అటు, చెంచయ్య ఇటు.

ఆయన లేచి దుమ్ము దులుపుకుని, "తన్నింది అది, తగిలింది నాకు. ఇదెక్కడి న్యాయం? దాని తన్ను దానికి అప్పజెప్పాలి" అని వెళ్ళి గేదెని ఒక్క తన్ను తన్నాడు. గేదె ఏదీ తన దగ్గర అట్టేపెట్టుకునే రకం కాదు. వెంటనే తిరిగిచ్చేసింది. ఆ రాకపోకలు ఎంతసేపు జరిగాయో కానీ, చెంచయ్య మోకాలు గుమ్మడికాయంత అయ్యేదాకా ఆగలేదు.

మర్నాడు బాలకోటమ్మ వాకిట్లో వడియాలు పెట్టుకుంటే మేకొచ్చి తింటోంది. పోలయ్య పక్కనే నిలబడి చూశాడు, ఉష్ అనలేదు. బాలకోటమ్మ పరుగెత్తుకొచ్చి, "కళ్ళు పోయాయా నీకు? అదిలించొచ్చు కదరా!" అంది.

"మేక చేసే పనిలో నేను వేలు పెట్టకూడదు పిన్నీ. నువ్వేం దిగులుపడకు. తిన్నది అదే, అరక్కపోతే కడుపునొప్పి కూడా దానిదే" అని ఓదార్చాడు.

"నా వడియాలో?"

"వడియాలు నువ్వు చేసుకున్నావు. చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత!" అన్నాడు. బాలకోటమ్మ చీపురు తిరగేసింది. ఆ దెబ్బలు పోలయ్య చెయ్యకుండానే అనుభవించాడు. దానికి మాత్రం పురాణంలో సమాధానం దొరకలేదు.

ఇక ఆ మధ్యాహ్నం సంగతి. గేదె అలిగి ఉంది కదా, దానికి కాస్త మంచి గడ్డి వెయ్యాలనుకున్నారు. కళ్ళం పక్కనే గడ్డివామి. పోలయ్య నిచ్చెన తెచ్చి వేశాడు, గురవయ్య ఎక్కాడు. పైనుంచి రెండు పనలు కింద పడేసి చూసేసరికి నిచ్చెన లేదు.

"అన్నా, నిచ్చెనేదిరా?"

"నేను వేశా. నేనే తియ్యాలి కదా, తీసేశా" అన్నాడు పోలయ్య, భుజాన నిచ్చెనతో.

"మరి నేను దిగేదెట్టా?"

"ఎక్కింది నువ్వు. దిగడం నీ బాధ్యత."

"నేనెక్కడ ఎక్కానురా, నిచ్చెన ఎక్కించింది! ఎక్కించింది నిచ్చెన కాబట్టి దించాల్సింది నిచ్చెనే!"

"మాట సబబుగానే ఉంది" అన్నాడు చెంచయ్య కుంటుకుంటూ వచ్చి. "కానీ పోలిగాడు వేశాడు, తీశాడు. వాడి కర్మ తీరిపోయింది. మళ్ళీ వేస్తే కొత్త కర్మ మొదలవుతుంది. వద్దు."

ఇంకేముంది, గురవయ్య వామి మీద కూర్చుండిపోయాడు. గాలి బాగానే తగులుతోంది. కాసేపటికి పైనుంచి, "నాన్నోయ్! పడమర నుంచి మబ్బొస్తోంది! నల్లగా ఉంది!" అని కేకేశాడు.

మంగతాయారు చేతిలో చేట కింద పడిపోయింది. కళ్ళం వైపు చూసింది. పంటంతా నేల మీద. ఎండిన మిరపకాయ ఒక్క వానకి తడిసిందంటే బూజు పట్టి తెల్లబడిపోతుంది, పేడకుప్పకి తప్ప పనికిరాదు. "మావయ్యా! అత్తా! పట్టలు తీసుకురండి, కాయ ఎత్తుదాం!" అని గోనెసంచుల కోసం పరుగెత్తింది.

చెంచయ్య రెండు చేతులూ చాపి కళ్ళానికి అడ్డం నిలబడ్డాడు. "ఆగమ్మా. ఎవరు ఆరబోశారు?"

"గురవయ్య."

"ఆరబోసినవాడే ఎత్తాలి."

"గురవయ్య వామి మీదున్నాడు కదా!"

"అది వాడి కర్మ" అన్నాడు చెంచయ్య. అంటూనే కాయ వైపు ఒకసారి చూసుకున్నాడు. పంట ఆయనదే కదా, నిరుటి గంజి ఆయనా తాగాడు. కానీ ఏం చేస్తాడు, తెలివిగలవాడైపోయాడు.

ఉలవలపాడులో ఒక అలవాటుంది. మిరపకాలంలో మబ్బు పట్టిందంటే ఎవరి కళ్ళం అని చూడరు. తగాదాల్లో ఉన్నవాళ్ళు కూడా, తిట్టుకుంటూనే సరే, ఒకరి కాయ ఒకరు ఎత్తుతారు. ఆ రోజూ వీధి వీధంతా పట్టలు పట్టుకుని వచ్చింది. చెంచయ్య ఒప్పుకోలేదు. "మా కర్మలో మీరు చెయ్యి పెట్టకండి! పెడితే మా కాయ మంట మీ చేతులకి అంటుతుంది!" అన్నాడు. కొందరు మొహమొహాలు చూసుకుని, "పెద్దాయనే వద్దంటుంటే మనదేం పోయింది, వాళ్ళ కర్మ" అని వెనక్కి తిరిగారు. తిరగడంలో కాస్త హుషారు కూడా కనిపించింది. అప్పటికే ఒకటి రెండు చినుకులు పడుతున్నాయి మరి.

ఆ గుంపులో అయ్యవారు కూడా ఉన్నాడు, పంచె ఎగగట్టి. "చెంచయ్యా, మతి పోయిందా? ఎత్తవయ్యా!" అన్నాడు.

"మీరే కదా అయ్యవారూ ఎవరి బాధ్యత వాళ్ళదన్నారు?"

"నేను వినమని చెప్పానయ్యా, చెయ్యమని ఎవడు చెప్పాడు!" అని అయ్యవారు నెత్తి కొట్టుకున్నాడు.

మంగతాయారుకి ఏడుపొచ్చింది. 'మొదటిరోజు ఆ వేడన్నానికి ఆశపడి నోరు మూసుకున్నందుకు నాకిది కావాల్సిందే' అనుకుంది. ఏడుస్తూ కూర్చుంటే చినుకు ఆగదు కదా. కొంగుతో ముక్కు తుడుచుకుని మామ ముందుకొచ్చి నిలబడింది.

"మావయ్యా, ఆరబోసింది గురవయ్యే, కాదనను. చెట్టు మీద నుంచి కోసిందెవరు?"

"నువ్వూ, మీ అత్తా."

"నేను కోసిన కాయ నేను ముట్టుకోవచ్చా, లేదా?"

చెంచయ్య గడ్డం గోక్కున్నాడు. చినుకులు పెద్దవయ్యాయి. "ముట్టుకోవచ్చు" అన్నాడు చివరికి. "ముట్టుకోవచ్చు కానీ ఎత్తకూడదు."

"ఎత్తను మావయ్యా. ముట్టుకుంటూ ముట్టుకుంటూ బస్తాలోకి తోస్తాను."

"తొయ్యడమే అయితే అభ్యంతరం లేదు."

అది వినగానే బాలకోటమ్మ కొంగు బిగించింది. "నేనూ కోశాను కూలికొచ్చి. నేనూ ముట్టుకుంటా!" "నేనూ కోశా!" "నేనూ!" అని వీధిలో ఆడవాళ్ళంతా కళ్ళం మీద పడ్డారు. వాన దిగేలోపు కాయంతా బస్తాల్లోకి ముట్టుకున్నారు. బస్తాలు పశువుల కొట్టంలోకి చేరాయి. అంచుల్లో నాలుగు గంపల కాయ తడిసిందంతే. మంగతాయారు ఒళ్ళంతా తడిసి, చేతులు మండిపోతూ, ఆ బస్తాల మీద చెయ్యి వేసి నిలబడి నవ్వింది. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో అంత సంతోషంగా ఎప్పుడూ నవ్వలేదు.

వామి మీద గురవయ్య పిల్లికూనలా తడిసి అరుస్తున్నాడు. మంగతాయారు పాపమనిపించి నిచ్చెన తనే తెచ్చి వేసింది. వాడు దిగాడు. తను లోపలికెళ్ళి చీర మార్చుకుని, ఆడవాళ్ళందరికీ ఇన్ని అల్లం టీ నీళ్ళు కాచి ఇస్తోంది.

ఇంతలో గురవయ్య కొట్టంలోకి తొంగిచూసి బావురుమన్నాడు. "నాన్నా! నా కాయంతా వీళ్ళు తోసేశారు! ఆరబోసింది నేను. ఎత్తాల్సింది నేను. నా బాధ్యత నేను తీర్చుకోకుండా ఆడవాళ్ళు అన్యాయం చేశారు. రేపు నా గతేంటి?"

చెంచయ్య కదిలిపోయాడు. "ఒరేయ్, బాధ్యత అంటే ఇదిరా! చూసి నేర్చుకో పోలిగా. ఊరుకో నాన్నా, మించిపోయిందేముంది. వాన వెలిసింది. మళ్ళీ ఆరబొయ్యి, మళ్ళీ ఎత్తుకో."

అంతే. ముగ్గురూ కలిసి బస్తాల మూతులు విప్పి, కాయనంతా తెచ్చి కళ్ళంలో కుమ్మరించారు. గురవయ్య దాన్ని శ్రద్ధగా నెరిపాడు. బురద ఎక్కడెక్కడ ఉందో చూసి మరీ, ముందు ఎక్కడ పోశాడో అక్కడే.

ఆడవాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని బయటికొచ్చారు. మంగతాయారు చూసింది. 'మీ నోట్లో మన్ను పడా!' అని అరవబోయింది. అరిస్తే ఏం లాభం, ఆ మన్నైనా ఎవరు తవ్వారని అడుగుతారు. పడమర మళ్ళీ ఉరిమింది. మొదటి మబ్బు తమ్ముడేమో, దానికన్నా నల్లగా వస్తోంది.

"ఎత్తరా గురవా!" అన్నాడు చెంచయ్య.

"ఇప్పుడే కదా ఆరబోశా. ఎండనీ" అన్నాడు గురవయ్య.

మంగతాయారు ఒక్క క్షణం వాళ్ళ ముగ్గురి వైపూ చూసింది. తర్వాత గడ్డివామి వైపు చూసింది. గొంతులో తేనె పోసుకుని, "మావయ్యా, ఇందాక మబ్బుని గురవయ్య ఒక్కడే చూశాడు. వాడు చూసింది వాడికే కదా. మీరూ మీ పెద్దకొడుకూ చూడకపోతే మీకు వానొచ్చినట్టు లెక్కే కాదు. మీ మబ్బు మీరు చూసుకోవద్దూ?" అంది.

చెంచయ్య ఉలిక్కిపడ్డాడు. "ఓరినీ, ఎంత ప్రమాదం తప్పింది! వెయ్యమ్మా నిచ్చెన!"

ఆమె నిచ్చెన వేసింది. చెంచయ్య కుంటుకుంటూ ఎక్కాడు, పోలయ్య ఎక్కాడు. "నా చూపు నేనే చూసుకోవాలి" అని గురవయ్యా ఎక్కాడు. ముగ్గురూ పైకి చేరి పడమర వైపు తిరిగి కూర్చోగానే మంగతాయారు నిచ్చెన లాగేసి భుజాన వేసుకుంది.

"ఏయ్, నిచ్చెన తీసేశావేం?" అన్నాడు పోలయ్య.

"నేను వేశా. నేనే తియ్యాలి" అంది.

పైన చెంచయ్యకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చూశారట్రా! ఇన్నాళ్ళకి కోడలికి మన ఇంటి తెలివి అబ్బింది!"

ఇక కింద అడ్డం చెప్పేవాళ్ళు లేరు. నాంచారమ్మ ఏదో అనబోయింది కానీ, "అత్తా, నువ్వు కోసిన కాయ నువ్వు ముట్టుకోవా?" అనేసరికి ఆవిడా వంగింది. ఇందాక 'వాళ్ళ కర్మ' అని వెనక్కి వెళ్ళిన మగవాళ్ళు కూడా సిగ్గుపడుతూ తిరిగొచ్చారు. ఊళ్ళో మంచితనం ఎప్పుడూ రెండో వానకి వస్తుంది. బురద అంటిన కాయ వేరుచేశారు, మంచి కాయ ఎత్తారు, పట్టలు కప్పి కొట్టంలో పేర్చారు. ఈసారి మంగతాయారు కొట్టం తలుపుకి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది.

రెండో వాన దంచి కొట్టింది. వామి మీద ముగ్గురూ తడుస్తున్నారు. చెంచయ్య ఉపాయం కనిపెట్టాడు. కూర్చున్న చోట నుంచి ఇంత గడ్డి పీకి నెత్తిన పెట్టుకున్నాడు. అది తడవగానే కింద పారేసి ఇంకో గుప్పెడు పీకాడు. కొడుకులూ అదే పని. పీకడం, పెట్టుకోవడం, పారెయ్యడం. గేదె కింద నిలబడి, ఆ ఇంట్లో మొదటిసారి తనకి న్యాయం జరుగుతున్నట్టు నములుతోంది. ఇన్నాళ్ళూ గేదె తిని మిగిల్చిన వామి, ఎంతని ఆగుతుంది? పొద్దువాలి వాన వెలిసేసరికి అది కాస్తా చాపంత మిగిలింది. ముగ్గురూ దాని మీద ఒకరినొకరు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు, కాళ్ళు బురదలో ఉన్నాయి.

బాలకోటమ్మ ఇంటికెళ్తూ చూసి, "ఇంకా కూర్చున్నారేం? లేచి ఇంట్లోకి పదండయ్యా" అంది.

"ఎట్టా దిగుతాం? నిచ్చెన లేదు" అన్నాడు చెంచయ్య, కిందికి చూడకుండా. చూస్తే కళ్ళు తిరుగుతాయని భయం.

"నేల మీదే ఉన్నారు కదయ్యా!"

"నేల పైకొస్తే వచ్చిందేమో, అది దాని కర్మ. మమ్మల్ని ఎక్కించింది నిచ్చెన. దించాల్సింది నిచ్చెన."

మంగతాయారు కొట్టం వైపు ఒకసారి చూసుకుంది. తాళం భద్రంగా ఉంది. ఇక ఈ ఏడాదికి అన్నం ఉంది. వండిపెట్టడానికీ, వీళ్ళని చూసుకోవడానికీ తనుంది, తప్పుతుందా. పెద్ద నిట్టూర్పు విడిచి, నిచ్చెన తెచ్చి వాళ్ళ ముందు బురదలో పడుకోబెట్టింది.

ముగ్గురూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, దేవుణ్ణి తలుచుకుంటూ, బోర్లా పడుకుని ఒక్కొక్క మెట్టే పట్టుకుంటూ చివరిదాకా పాకారు. చెంచయ్య లేచి నిలబడి, మొహాన బురద తుడుచుకుని, వెనక్కి తిరిగి ఎంత ఎత్తు నుంచి దిగారో చూసుకుని గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు.

"అమ్మయ్య, బతికాం! అమ్మాయ్, నిచ్చెన వేసింది నువ్వు. తియ్యడం మరిచిపోకు, బాధ్యత!"